దాచదగిన ద్రాక్షాసవము



"పాత యొక రోత, కొత్త యొక వింత" అని మనలో సామెత యున్నది. కాని ఆ సామెతకు లొంగని వస్తువులు మన యిండ్లలోనే కొన్ని కలవు. పాత బియ్యమునకు కొత్త బియ్యముకంటె వెల యెక్కువ. కొత్త బియ్యపు అన్నము ముద్దకట్టును. ఏడాది నిలిచిన బియ్యము విడివిడిగా ఉడికి సులభముగా జీర్ణమగును. ఆవకాయ కలిపిన నాడు కారము, ఉప్పు, పులుపు వేటికవియే నాలుకకు తగులును. నెల దాటిన పిమ్మట అవి యన్నియు కలిసి ఊరి ఒక్క రుచి యగును. వైద్యులు పాత నేతిని మందుగా వాడుదురు. కావున కాలము కొన్నిటిని చెరచును; కొన్నిటిని పండించును.

ఏది పండును, ఏది చెడును అను సంగతిని, వస్తువింకను పసిదిగా నున్నప్పుడే, నాలుకతో చూచి చెప్పవలసి వచ్చినచో నెట్లు? ఫ్రాన్సు దేశమున ఈ పనియే వృత్తిగా గలవారున్నారు. వారు పరీక్షించునది ఎర్రని ద్రాక్షాసవము. దానినే వైను అందురు. ఆ పరీక్ష యెట్లు జరుగునో, అందులో నేనెట్లు పొరబడితినో ఈ దినము మనవి చేసెదను.

ముందుగా ఒక మాట. త్రాగుడువలన మన పల్లెలు పడిన పాట్లు మీకు తెలియనివి కావు. నేను త్రాగుమని చెప్పుటకు రాలేదు. ఈ పరీక్షకులు సయితము పరీక్షించినదానిని మ్రింగరు. నోట పుక్కిలించి ఉమిసివేయుదురు. ఒక్క ఉదయమున ముప్పది నలువది రకములు చూడవలసినవాడు మ్రింగినచో పదవదానికే వాని తీర్పు చెడును. అది నాలుకతో చేయు పని గాని గొంతుకతో చేయు పని కాదు.

మరియు ఇది సారా కాదు. సారాను కాచి ఆవిరి పట్టుదురు. ద్రాక్షాసవమును కాచరు, పండ్లను నలిపి తొట్టిలో నుంచగా పులిసి తనంతట తాను తయారగును. మన ఆయుర్వేదములోని ఆసవములు, అరిష్టములు ఈ జాతివే. కొత్త మద్యము గురువు, దోషములను రేపునది. పాతది లఘువు, ఆకలి పుట్టించునది అని చరకసంహితలోనే యున్నది. కావున నిలువవేయుట అను భావము మనకు కొత్తది కాదు.

ఇక కథకు వత్తును. నేను 1976వ సంవత్సరపు తొలి మాసములలో ఆహార రసాయనశాస్త్రము చదువుటకై బోర్డో నగరమునకు కుటుంబముతో వెళ్లితిని. మా పెద్దపిల్ల 1975 సెప్టెంబరులో పుట్టినది. అప్పటికి ఆరు నెలలైనను నిండలేదు. మేము అద్దెకున్న యింటి క్రింది భాగమున ఒక వృద్ధుడుండెను. ఆయన నలువదేండ్లు ఆసవపు కొట్టులో పని చేసి విశ్రాంతి తీసికొనుచున్నవాడు. నేనాయనను పెద్దయ్య యని పిలిచెడివాడను. ఆ మాటకు అర్థము తెలిసికొని సంతోషించెను.

ఒకనాడు ఆయన మా పిల్లను ఎత్తుకొని, "అయ్యా, మీ పాప పుట్టిన యేటి ఆసవమును పండ్రెండు సీసాలు దాచియుంచుడు. ఈమె పెండ్లినాటికి అది పక్వమునకు వచ్చును. మా ప్రాంతమున తండ్రులు ఇట్లు చేయుదురు" అనెను. నాకా మాట నచ్చినది. "ఏది కొనవలెనో నాకు తెలియదు గదా?" అంటిని. "తెలిసికొనుడు. నేను చూపింతును, ఎన్నుకొనుట మీ పని" అనెను.

బోర్డో ప్రాంతమున గరోన్, దోర్దోన్యు అను రెండు నదులు కలిసి జిరోండ్ అను పేరున సముద్రములో పడును. జిరోండ్ ఎడమ యొడ్డున మెడాక్ అను సీమ గలదు. నేల గులకరాళ్లమయము; పైరు పండని నేల. కాని ఆ రాళ్లు నీటిని నిలువనీయవు. వేళ్లు లోతునకు దిగును. అక్కడ ముఖ్యముగా కేబర్నే సోవిన్యోన్, మెర్లో అను రెండు ద్రాక్ష జాతులను పెంచుదురు. హైదరాబాదు చుట్టుప్రక్కల పేరుపడిన అనబ్-ఎ-షాహీ ద్రాక్షను మీలో పలువురు తినియుందురు. అది పెద్దది, పలుచని తోలు గలది, రసము మెండుగా నుండునది. కేబర్నే పండు దానికి విరుద్ధము. బఠాణీగింజంత చిన్నది, నల్లనిది, తోలు మందము, గింజ పెద్దది. తినుటకు అంత బాగుండదు. కాని ఆసవమునకు రంగును, బలమును ఇచ్చునవి ఆ తోలును, ఆ గింజయునే.

ఒకే తోట, ఒకే తీగ, ఒకే యజమాని. అయినను ఏటికేడు రుచి మారును. మన మామిడి తోటల సంగతియు నింతే గదా. ఎండ చాలని యేట ద్రాక్షలో తీపి తగ్గి పులుపు మిగులును, తోలు పచ్చివగరుగా నుండును. ఎండ మితిమీరిన యేట తీపి పెరిగి పులుపు పడిపోవును. అందుచేత సీసా మీద ఏ యేటి పంటయో తప్పక వేయుదురు. 2003లో యూరపు ఖండమంతట వడగాడ్పు వీచినది. ఆ యేటి బోర్డో ఆసవములు కొన్ని బాగుగనే నిలిచినను, పెక్కు త్వరగా ముదిరిపోయినవి. 2013లో చలి, వాన. ఆ యేటివి పలుచనివి. 2005, 2010, 2016 సంవత్సరములవి నిలువ వేయుటకు మిక్కిలి తగినవని పేరు వడసినవి.

కోత సెప్టెంబరు, అక్టోబరు మాసములలో జరుగును. ఆసవము పులిసి తేరిన పిమ్మట దానిని 225 లీటర్ల ఓకు కొయ్య పీపాలలో పోసి, ఇంచుమించు ఏడాదిన్నర నిలువచేసి, పిమ్మట సీసాలకెత్తుదురు. ఒక పీపాకు మున్నూరు సీసాలు వచ్చును. కాని వర్తకులు అంతవరకు ఆగరు. మరుసటి వసంతముననే, ఆసవమునకు ఆరు నెలల వయస్సున, పీపానుండి రుచి చూచి వెల నిర్ణయింతురు. సొమ్ము అప్పుడే చెల్లింతురు. సరకు రెండేండ్లకు గాని చేతికి రాదు. చంటిబిడ్డను చూచి ఎట్టి గృహస్థు అగునో చెప్పుటవంటిది ఈ పని.

1976 ఏప్రిలులో పెద్దయ్య నన్నొక కొట్టుకు తీసికొనిపోయెను. ఉదయము పది గంటలకు. భోజనమునకు ముందు నాలుక చురుకుగా నుండును. పొగ త్రాగిన నోరు, తాంబూలము నమలిన నోరు ఈ పనికి అక్కరకు రావు. అడుగున వెడల్పై, అంచున ముడుచుకొన్న గాజుపాత్రలో మూడవ వంతు మాత్రమే పోసి నా చేతికిచ్చెను.

మొదటిది కన్ను. పాత్రను తెల్లకాగితముపై వంచి అంచున రంగు చూడవలెను. పసి ఆసవము నేరేడుపండు రసమువలె ఊదారంగుగా నుండును. ఏండ్లు గడచినకొలది ఎరుపై, ఇటుకరంగునకు దిగి, అంచున గోధుమవన్నె తొంగిచూచును. పసిదానిలోనే గోధుమవన్నె కనబడినచో అది దాచుటకు తగదు.

రెండవది ముక్కు. ముందు కదల్పకయే వాసన చూచి, పిమ్మట పాత్రను గుండ్రముగ త్రిప్పి మరల చూడవలెను. కల్లు పులిసి చెడినప్పటి వాసన వచ్చినచో ఆసవము పుల్లనీరగుచున్నదని గుర్తు. సీసాకెత్తిన పిమ్మట కొన్నిటికి తడిసి బూజుపట్టిన గోనెవాసన వచ్చును. అది బిరడా దోషము. ఈ రెండును లేకున్న, పండువాసన యున్నదా, కొయ్యవాసన యున్నదా అని విడదీయవలెను. కొత్త పీపా మంచి పరిమళము నిచ్చును. కాని యది అరువు సొమ్ము. పండువాసన దానికి లోబడక నిలిచినదా లేదా అనునదే ముఖ్యము.

మూడవది నాలుక. ఇచ్చట మన తెలుగువారికి ఒక సౌకర్యము గలదు. ఉగాదిపచ్చడి తిని పెరిగినవారము. షడ్రుచులలో చేదు వేరు, వగరు వేరు అని మనకు బాల్యముననే తెలియును. చేదు నాలుకమీది రుచి, వేపపువ్వును తలచుకొనుడు. వగరు నోటిని పట్టివేయునది. పచ్చి అరటికాయను, వక్కను, కరక్కాయను తలచుకొనుడు. ద్రాక్ష తోలులోను గింజలోను గల టానిన్ అను పదార్థము మన లాలాజలములోని మాంసకృత్తులతో కలిసి నోటి జారుడుతనమును హరించును. అందుచేత చిగుళ్లు, బుగ్గలు గరుకెక్కినట్లుండును. ఎర్రని ఆసవపు పరీక్షలో సగము ఈ వగరును గుర్తించుటయే.

మిగిలినవి పులుపును, తీపియు. ద్రాక్షలోని ముఖ్యమైన ఆమ్లము చింతపండులోనిదే. దానిని టార్టారిక్ ఆమ్లమందురు. చారులో పులుపు లేనిచో ఎట్లు చప్పబడునో, ఆసవములో పులుపు లేనిచో అట్లే చప్పబడి త్వరగా కుళ్లును. చక్కెర యంతయు పులియుటలో ఇంచుమించు ఖర్చయిపోవును. నూటికి పండ్రెండు మొదలు పదునాలుగు పాళ్ల మద్యసారమును, పండు రసమును కలిసి తియ్యదనమువంటి నిండుదనము నిచ్చును.

నాలుగవది, ఉమిసిన పిమ్మటి లెక్క. మేలైన ఆసవపు రుచి నోట నిలుచును. ఎన్ని సెకండ్లు నిలిచినదో లెక్కింతురు. ఈ సెకండునకు ఫ్రెంచివారు పెట్టిన పేరు మన చెవికి "కోడలీ" అని వినిపించును. "దీనికి పది కోడలీలు" అని పెద్దయ్య అన్నప్పుడు నేను నవ్వు ఆపుకొనలేకపోతిని. కారణము చెప్పగా ఆయనయు నవ్వెను. సామాన్యమైనది మూడు నాలుగు సెకండ్లలో మాయమగును. ఉత్తమమైనది పండ్రెండును దాటును.

ఆనాడు రెండు పీపాలనుండి రెండు పాత్రలు నా ముందుంచెను. రెండును 1975వ యేటివే, తోటలు వేరు. ఒకటి మెత్తగా నుండి నోటికి హితవుగా తోచినది. రెండవది నోట పెట్టగానే పచ్చి నేరేడుకాయ కొరికినట్లు దవడలు బిగిసినవి. 1975 వేసవి ఎండలు మెండు, వాన తక్కువ; పండు తోలు మందమెక్కెను. అందుచేత ఆ యేటి ఆసవములలో వగరు ప్రబలము. ఎక్కువ కాలము నిలుచునవి వగరు గలవే అని నేను అంతకుముందు చదివియుంటిని. 1961వ యేటి పంట స్వల్పమైనను గాఢమైనదని, పసితనమున మిక్కిలి బిగువుగా నుండి పిమ్మట అద్భుతముగా పండినదని కూడ వినియుంటిని. కావున ఆలోచింపకయే రెండవదానిని చూపితిని.

పెద్దయ్య నావంక చూచి, "వగరు వెనుక పండున్నదా, చూచితిరా?" అని యడిగెను.

"ఉన్నది" అంటిని. నిజమునకు నేను చూడలేదు. వగరు చూచి మురిసి, అంతటితో ఆగితిని.

"నాలుక మీది, పిల్ల మీది" అని ఆయన మరి మాటాడలేదు. సీసాలు వచ్చిన పిమ్మట పండ్రెండింటిని మా నేలమాళిగలో పెట్టితిమి.

1982లో మాకు కొడుకు పుట్టెను. మరుసటి వసంతమున పెద్దయ్య నన్ను మరల పిలిచెను. 1982లో పూత బాగుగా కట్టి పంట విరివిగా వచ్చినది. సెప్టెంబరు ఎండలకు కాయ చక్కగా పండినది. నోట పెట్టగానే ఆ ఆసవము పట్టుగుడ్డవలె జారినది. అప్పుడే త్రాగదగినంత హితవుగా నుండెను. "ఇంత మెత్తనిది ఇరువదేండ్లు నిలుచునా? ఐదేండ్లలో మాయమగును" అని నేను తీర్పు చెప్పితిని. ఈ మాట నే నొక్కడనే అనలేదు. ఆ కాలమున పేరుగల విమర్శకులు కొందరు, అందు పులుపు చాలదని, నిలువదని వ్రాసిరి. రాబర్ట్ పార్కర్ అను అమెరికా విమర్శకుడు మాత్రము ఇది మహోత్తమమైన పంట యని గట్టిగా చెప్పెను. ఆయనకు పేరు వచ్చినది ఆ తీర్పువలననే. నేను మా పిల్లవానికొరకు ఒక్క సీసాయు కొనలేదు.

పెద్దయ్య 1994లో కాలము చేసెను. 2000వ సంవత్సరమున మా అమ్మాయి పెండ్లి బోర్డోలోనే జరిగెను. ముహూర్తము, తలంబ్రాలు మన పద్ధతిని జరిగినవి. మరునాడు అక్కడి మిత్రులకు విందు. ఇరువదినాలుగేండ్లు కాపాడిన సీసాలను ఆనాడు తెరచితిని. రంగు ఇటుకరంగునకు దిగినది, సరియే. వాసనలో ఎండుటాకు తప్ప మరేమియు లేదు. నోట పెట్టగా పండు లేదు. వగరు మాత్రము ఇరువదినాలుగేండ్ల క్రిందట నున్నట్లే దవడలు పట్టినది. అతిథులు మర్యాదస్థులు, ఏమియు అనలేదు. పాత్రలు నిండుగా మిగిలిపోయినవి. మా అమ్మాయి నా ముఖము చూచి నా చేయి పట్టుకొనెను.

అప్పుడు పెద్దయ్య కుమార్తె లేచి వెలుపలికి వెళ్లి ఒక చిన్న పెట్టెను తెచ్చెను. అందు ఆరు సీసాలు, 1982వ యేటివి. ప్రతి సీసాకు కట్టిన చీటి మీద పెద్దయ్య చేతివ్రాతతో మా పిల్లవాని పేరున్నది. ఆనాడు నేను వలదన్నదానిని ఆయన నాకు చెప్పకయే కొని దాచెను. ఒక సీసా తెరచితిమి. పదునెనిమిదేండ్లదయ్యును పండు చెడలేదు. దేవదారు వాసనయు, మాగవేసిన పొగాకు వాసనయు కలిసి వచ్చినవి. వగరు వెన్నవలె కరగినది. రుచి ఎంతసేపు నిలిచినదో నేను లెక్కించుట మరచితిని.

నా తప్పెక్కడ? ఈ ప్రశ్నకు సమాధానము ఆసవము ఎట్లు పండునో తెలిసికొన్నచో దొరకును. లూయీ పాస్తరు పేరు పిచ్చికుక్క కాటు మందు మూలమున మీరు వినియుందురు. ఆయన ఆసవమును గూర్చియు పరిశోధించి 1866లో ఒక గ్రంథము ప్రకటించెను. గాలి చొరని గొట్టములలో నిండుగ నుంచిన ఆసవము మారలేదు. సగము గాలితో నుంచినది త్వరగా రంగు మారి ముదిరినది. దీనివలన ఆసవమును పండించునది గాలిలోని ప్రాణవాయువే యని, అది ఎక్కువైనచో చెరచునదియు అదే యని తేలినది. సీసాలో గాలి మిక్కిలి స్వల్పము. కావుననే పాకము మెల్లగా జరుగును.

ఆ పాకములో టానిన్ కణములు తమలో తామును, రంగు కణములతోను ముడిపడి పెద్దవై, కొంత అడుగున మడ్డిగా దిగును. వగరు తగ్గుటకును, రంగు తేలుటకును ఇదియే కారణము. అదే కాలమున పండు వాసనయు తగ్గుచు, దాని స్థానమున పాకపు వాసనలు పుట్టును. పులుపు మాత్రము ఇంచుమించు ఉన్నచోటనే యుండును. కాబట్టి వగరును, పండును రెండెడ్ల బండివంటివి. రెండును సమముగా నడచినచో బండి ఊరు చేరును. పండు ముందుగా అలసి పడిపోయినచో వగరొక్కటే బండిని లాగజాలదు. నేను దాచినదానికి పట్టిన గతి యిదే. పసితనమున వగరు మిక్కుటమై, దాని వెనుక పండు చాలక యుండెను. కాలము వగరును తగ్గింపక మునుపే పండు తీరిపోయెను. 1975వ యేటి ఆసవములు పెక్కింటికి ఇదే జరిగినది. వగరునకు తగిన పండు గలవి మాత్రము బాగుగా నిలిచినవి.

1982వ దానిలో వగరు లేదని నేననుకొంటిని. అది పొరబాటు. వగరు కావలసినంత యున్నది. కాని అది పండిన వగరు, పండు చాటున దాగినది. పచ్చి నేరేడుకాయలోను వగరున్నది, పండిన నేరేడులోను వగరున్నది. మొదటిది నోటిని బిగించును. రెండవది తీపితో కలిసి వచ్చును. నేను పచ్చితనమును బలమనియు, పక్వమును బలహీనత యనియు భ్రమించితిని.

బోర్డో విశ్వవిద్యాలయమున పనిచేసిన ఎమీల్ పేనో అను పండితుడు (1912–2004) ఆసవపు రుచిని గూర్చి 1980లో ఒక గ్రంథము వెలువరించెను. తియ్యదనమొక ప్రక్క, పులుపును వగరును మరియొక ప్రక్క సమముగా తూగవలెనని ఆయన బోధ. ఈ తూకము పసితనముననే యుండవలెను. కాలము తూకమును మెరుగుపెట్టును గాని లేనిదానిని కల్పింపదు. మన పెద్దలు దీనినే మరియొక విధముగ చెప్పిరి: మొక్కయై వంగనిది మ్రానై వంగునా? ఉప్పు తక్కువపడిన ఆవకాయను ఎన్ని నెలలు జాడీలో నుంచినను ఊరదు, బూజుపట్టును.

పేరునుబట్టి తీర్పు చెప్పుటయు ప్రమాదమే. 1855లో ప్యారిసు ప్రదర్శనముకొరకు మెడాక్ ప్రాంతపు మేటి తోటలను ఐదు తరగతులుగా విభజించిరి. ఆ పట్టిక నేటికిని ఇంచుమించు అట్లే యున్నది; 1973లో మూటన్ అను తోటను మొదటి తరగతికి చేర్చుట యొక్కటే చెప్పదగిన మార్పు. కాని 1976 మే 24వ తేదీన ప్యారిసులో తొమ్మండుగురు ఫ్రెంచి నిపుణులు సీసాల పేర్లు తెలియకుండ పరీక్షింపగా, ఎరుపులలో మొదటి స్థానము కాలిఫోర్నియా ఆసవమునకు వచ్చెను. మా ఆసవములు కాలముతో పండును, వారివి నిలువవు అని ఫ్రాన్సులో కొందరు సమాధానము చెప్పుకొనిరి. ముప్పదేండ్లకు, 2006లో, అవే ఆసవములను మరల పరీక్షించిరి. అప్పుడును మొదటిది కాలిఫోర్నియాదే. మొదటి ఐదును అక్కడివే. ఊరి పేరు సీసాను కాపాడదు.

నిలువచేయుటను గూర్చి నాలుగు మాటలు. మన వైపు ధాన్యమునకు పాతర వేసినట్లు, ఆసవమునకు చల్లని నేలమాళిగ కావలెను. వేడి 12, 13 డిగ్రీలు. ఏడాది పొడుగునను ఒకే తీరుగ నుండవలెను. చీకటి, కొంత చెమ్మ అవసరము. సీసాను పడుకోబెట్టవలెను, బిరడా తడిగా నుండిననే బిగువుగా నుండి గాలిని చొరనీయదు. మన కృష్ణా గోదావరీ తీరముల రోహిణీకార్తె ఎండలో ఇంటి అటకమీద పెట్టినచో, ఎంతటి ఉత్తమమైనదైనను ఒక్క వేసవిలో పాడగును. ఇంకొక మాట: లోకమున తయారగు ఆసవములో అత్యధిక భాగము కొలదియేండ్లలోనే వాడదగినది, దాచదగినది బహు స్వల్పము. అన్నిటిని దాచువాడు పుల్లనీటిని పోగుచేయువాడే.

నాటినుండి నేను ఏ పసి ఆసవమును చూచినను మూడు ప్రశ్నలు వేసికొందును. వగరు వెనుక పండున్నదా? రెంటిని నిలువబెట్టు పులుపున్నదా? ఉమిసిన పిమ్మట చివరకు నోట మిగులునది పండా, వగరా? మూడవ ప్రశ్నకు పండు అని సమాధానము వచ్చినప్పుడే దాచుటకు తీసికొందును. ఆనాడు పెద్దయ్య అడిగినది మొదటి ప్రశ్నయే. చూడకయే "ఉన్నది" అంటిని; దాని ఫలము ఇరువదినాలుగేండ్లకు గాని తెలియలేదు.

పెద్దయ్య దాచిన ఆరింటిలో ఇంకొక సీసా మిగిలియున్నది. మా పిల్లవాని పేరిట చీటి అట్లే యున్నది. దానిని తెరచునాడు లెక్కించుట మరువను.

సెలవు.